చేతులు కడిగే చోట నీతి బోర్డు

తిరుపతిలో, చిత్తూరులో చాలా కల్యాణ మండపాల్లో ఒక బోర్డు కనిపిస్తుంది. ‘అన్నం పరబ్రహ్మ స్వరూపం, వృథా చేయకండి’ అనో, ‘తినగలిగినంతే పెట్టించుకోండి’ అనో రాసి ఉంటుంది. చాలాచోట్ల అది ఉండేది చేతులు కడుక్కునే కుళాయిల పైన. చదివేసరికి భోజనం అయిపోయి ఉంటుంది. ఆకు మడిచేసి ఉంటారు. సగం కొరికిన ఓళిగ, రెండోసారి వడ్డించిన పులిహోర ఆ మడతలోనే ఉండిపోతాయి. బోర్డు మీద ఉన్న మాటలో తప్పేమీ లేదు, కాకపోతే సమయం మించిపోయాక వినిపిస్తోంది. పైగా ఆ రోజు పారబోసే తిండిలో ఆ చదివే మనిషి వాటా చాలా చిన్నది. వంటగది వెనక గంగాళాల్లో ఎంత మిగిలిందో ఆయన కంటికి కనపడదు.

ఆహార వృథా మీద మన దగ్గర జరిగే ప్రచారం చాలావరకు ఇలాగే ఉంటుంది. ఆహార నష్టం, వృథాపై అవగాహన దినంగా సెప్టెంబర్ 29ని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2019 డిసెంబరులో ప్రకటించింది. 2020 నుంచి ఏటా జరుపుతున్నారు. ఆ రోజు కాలేజీల్లో ర్యాలీ, ప్రతిజ్ఞ, పోస్టర్ల పోటీ ఉంటాయి. పోస్టర్‌లో ఒక పక్క నిండు పళ్లెం, ఇంకో పక్క డొక్కలెండిన పిల్లాడు. చూసినవాడికి మనసు చివుక్కుమంటుంది, నిజమే. కానీ ఆ మధ్యాహ్నం క్యాంటీన్లో ఎన్ని కిలోల బియ్యం ఎసట్లో పడాలో పొద్దున్నే తేల్చేసిన మనిషి ఆ పోస్టర్ ముందు నిలబడలేదు. తిండి పాడవుతుందా లేదా అన్నది తేలే ఘడియ తినే ఘడియ కంటే చాలా ముందే వచ్చి వెళ్లిపోతుంది. పెళ్లి భోజనానికి అది వారం ముందు, బడి భోజనానికి మెనూ రాసిన రోజు, టమాటాకైతే రెండు మూడు నెలల ముందు. ప్రచారం ఆ ఘడియకల్లా ఆ మనిషి చెవిన పడకపోతే గోడకు రంగు దండగ.

ఈ దేశంలో పనిచేసిన ఉదాహరణ ఒకటుంది. 1965లో యుద్ధం, తిండిగింజల కొరత కలిసి వచ్చినప్పుడు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి జనాన్ని అడిగింది ఒకే ఒక్క పని: వారానికి ఒక పూట, సోమవారం రాత్రి, భోజనం మానేయండని. చాలా ఊళ్లలో ఆ పూట హోటళ్లు కూడా మూసేశారు. ‘ఆహారాన్ని గౌరవించండి’ లాంటి మాటలతో ఆయన సరిపెట్టలేదు. ఏ రోజు, ఏ పూట, ఏం చేయాలో చెప్పారు. పొయ్యి వెలిగించకముందే ఇంటి ఇల్లాలికి ఆ మాట గుర్తొచ్చేది.

అంకెల్లో ఏముంది

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిసి 105 కోట్ల టన్నుల ఆహారాన్ని పారేశాయి. వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో ఇది 19 శాతం. ఇందులో ఇళ్ల వాటా 60 శాతం, హోటళ్లు, క్యాంటీన్ల వంటి వాటిది 28, దుకాణాలది 12. భారతీయ ఇళ్లలో తలకు ఏడాదికి 55 కిలోలు అని ఆ నివేదిక అంచనా. పేపర్లలో, వాట్సాప్‌లో బాగా తిరిగిన అంకె ఇది.

ఆ 55 కిలోలను ‘ఒక్కొక్కరం 55 కిలోల అన్నం పారేస్తున్నాం’ అని చదువుకుంటే మాత్రం పొరపాటు. అరటితొక్క, మామిడి టెంక, కోడి ఎముక, నమిలేసిన మునక్కాయ పిప్పి... ఇవన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. పైగా ఇది అంచనా, ఇంటింటికీ తూచిన తూకం కాదు. వేసవిలో మామిడిపళ్లు, ఏడాది పొడుగునా కొబ్బరికాయలు వాడే ఇంట్లో చెత్తబుట్ట బరువు చూసి ఆ ఇల్లాలిని దుబారా మనిషి అనేయడం అన్యాయం.

రెండో లెక్క దీని బయట ఉంది. పంట కోసినప్పటి నుంచి దుకాణానికి చేరేలోపు పోయేది. ప్రపంచం మొత్తం మీద అది 13, 14 శాతం ఉంటుందని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా. మన దేశానికి నాబార్డు అనుబంధ సంస్థ నాబ్కాన్స్ 2022లో చేసిన అధ్యయనం ఉంది. కోత తర్వాత జరిగే నష్టం ఏటా 1,52,790 కోట్ల రూపాయలని అది తేల్చింది. పండ్లలో 6 నుంచి 15 శాతం, కూరగాయల్లో దాదాపు 5 నుంచి 12 శాతం పోతున్నాయి. పండ్లలో ఎక్కువగా పోయేది జామ. కూరగాయల్లో మొదటి స్థానం టమాటాది, 11.61 శాతం. టమాటా, మామిడి మీద బతికే ఉమ్మడి చిత్తూరు జిల్లాకు ఈ రెండో లెక్కే పెద్దది. పోస్టర్లలో కనపడేది మాత్రం ఎప్పుడూ మొదటిదే.

ఎన్ని ఆకులకు?

పెళ్లి వంట లెక్క ఎలా కుదురుతుందో దగ్గర నుంచి చూస్తే సగం కథ అర్థమవుతుంది. వంట మేస్త్రి మొదట అడిగేది ‘ఎన్ని ఆకులకు?’ అని. పెళ్లి పెద్ద మనసులో ఐదు వందలు ఉంటుంది, బయటికి ఆరు వందలు అంటాడు. మేస్త్రి తన పేరు పోకూడదని మరో యాభై తగిలించుకుంటాడు. సామాన్ల పట్టీ రాసేటప్పుడు బియ్యం, కందిపప్పు, నూనె దగ్గర ‘ఉంటే ఉంటుందిలే’ అని ఇంకాస్త పెరుగుతుంది. ముగ్గురి భయమూ ఒక్కటే. ఆఖరి బంతిలో వియ్యాలవారికి సాంబారు అందకపోతే ఆ మాట మనవళ్ల పెళ్లి దాకా నడుస్తుంది. మిగిలితే ఎవరూ ఏమీ అనరు. చాలకపోతే మాత్రం ఊరంతా అంటుంది. ఈ తూకంలో వృథా వైపు మొగ్గడం తెలివితక్కువతనం ఏమీ కాదు, పరువు లెక్కలో అదే తెలివి. ఆ లెక్క మారకుండా ‘అన్నం విలువ తెలుసుకోండి’ అంటే ఎవరికి తెలియదు గనక?

తిరుపతిలో ఇంకో తిరకాసు ఉంది. ఇక్కడ పెళ్లికి వచ్చే బంధువుల్లో చాలామంది పనిలో పనిగా దర్శనం కూడా పెట్టుకుంటారు. ముందు రోజు రాత్రి రిసెప్షన్‌కు దిగుతారు, తెల్లవారుజామున ముహూర్తం చూస్తారు, టిఫిన్ చేసి కొండెక్కుతారు. కంపార్ట్‌మెంట్‌లో దర్శనం కోసం ఎంతసేపు కూర్చోవాల్సి వస్తుందో ఎవరూ చెప్పలేరు. మధ్యాహ్న భోజనానికి దిగివస్తామన్నవాళ్లు సాయంత్రానికి వస్తారు, లేదా అటు నుంచి అటే బస్సెక్కుతారు. కింద మండపంలో మాత్రం మూడు పూటలకూ నిండు లెక్కనే వండుతారు. రాత్రి విందుకు ఆరు వందలు, టిఫిన్‌కు ఆరు వందలు, మధ్యాహ్నానికీ ఆరు వందలు. మూడు పూటలూ ఉండేది దగ్గరి చుట్టాలే. పూటకో లెక్క అడిగితే మధ్యాహ్నం అన్నం గంగాళం ఒకటి తగ్గుతుంది. అడగడానికి ఒక ఫోన్ చాలు. ‘దర్శనం టికెట్ ఏ టైముకి?’ అన్న ప్రశ్న భోజనాల లెక్కలో భాగమని ఎవరికీ తట్టదు, అంతే.

వడ్డనలోనూ ఉంది కిటుకు. మనుషులు కూర్చోకముందే ఆకులు పరిచి స్వీటు, వేపుడు, పచ్చడి, అప్పడం వడ్డించేయడం ఇప్పుడు మామూలైంది. చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఫొటో బాగా వస్తుంది. షుగరున్న పెద్దాయన ముందు జాంగ్రీ, కారం తినని పిల్ల ముందు మిరపకాయ బజ్జీ అలాగే ఉండిపోయి ఆకుతో పాటు లేస్తాయి. బఫే పెడితే ఈ బాధ ఉండదనుకుంటారు. అక్కడ ఇంకో బాధ: మళ్లీ క్యూలో ఎవరు నిలబడతారులే అని మొదటిసారే ప్లేటు గుట్టగా నింపుకుంటారు. పాత పద్ధతిలో కూర్చోబెట్టి, అడిగి, చిన్న గరిటెతో, రెండు మూడు సార్లు తిరిగి వడ్డించడం కంటే తక్కువ పారేసే విధానం ఇంతవరకు కనపడలేదు. దానికి వడ్డించే మనుషులు ఎక్కువ కావాలి. మండపాలకు ఇప్పుడు దొరకనిది వాళ్లే.

మేస్త్రులకు ఇదంతా తెలియని విషయం కాదు. అన్నం అరగంటలో వార్చవచ్చు, కాబట్టి నాలుగు వందల మందికి వండి, రెండో బంతి లేచాక జనాన్ని చూసుకుని ఇంకో ఎసరు పెట్టవచ్చు. కూరగాయలు తరిగి పెట్టుకుంటే కూర కూడా రెండు విడతల్లో దించవచ్చు. తరిగిన కూరగాయ మిగిలితే మర్నాటికి పనికొస్తుంది, పోపు పెట్టిన కూర పనికిరాదు. ఇలా చేయడానికి మేస్త్రికి పెళ్లి పెద్ద భరోసా కావాలి: ‘పది నిమిషాలు ఆలస్యమైనా పర్లేదు, మాట రానివ్వను’ అని. ప్రచారం చేయాలనుకునే సంస్థలు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడ. మండపం అడ్వాన్సు కట్టిన రోజు రసీదుతో పాటు ఒక కాగితం ఇస్తే చాలు. పూట పూటకూ ఎంతమందో విడిగా రాసుకునే గళ్లు, రెండు విడతల వంట గురించి నాలుగు మాటలు, మిగిలితే పిలవాల్సిన నంబరు ఆ కాగితం మీద ఉండాలి.

మిగిలింది తీసుకెళ్లేవాళ్ల సంగతి. రాత్రి పదకొండుకు ఫోన్ చేసి ‘రెండు గిన్నెల సాంబారన్నం ఉంది, వచ్చి తీసుకుపోండి’ అంటే ఆ వాలంటీర్ కుర్రాళ్లు ఏం చేయగలరు? వండి అప్పటికే ఐదారు గంటలైంది. వేడి 60 డిగ్రీల కంటే దిగి, చల్లగా కూడా లేకుండా నులివెచ్చగా ఉండిపోయిన అన్నంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. కొన్ని రకాల బ్యాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మే నెల తిరుపతి ఎండల్లో ఆ గడువు ఇంకా తక్కువ. ఆకలితో ఉన్నవాడికి పెట్టి ఆసుపత్రి పాలు చేయడం పుణ్యం కాదు. మిగులు ఆహారాన్ని సేకరించి పంచడంపై ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లోనే నిబంధనలు తెచ్చింది. సేకరించే సంస్థకు నమోదు ఉండాలి, శుభ్రంగా మూతపెట్టి తరలించాలి, రికార్డు రాయాలి. ఇవి తెలిసిన మండపాలు ఎన్ని? ఆ ఫోన్ వెళ్లాల్సింది మొదటి బంతి లేవగానే. అప్పటికి వచ్చిన జనాన్ని బట్టి ఎంత మిగలబోతోందో మేస్త్రికి కంటి లెక్కతో తెలిసిపోతుంది. ఆకులో వదిలిన ఎంగిలి ఎవరి ఆకలీ తీర్చదు, గరిటె పెట్టని గంగాళమే తీరుస్తుంది. పళ్లెం పక్కన బక్కపిల్లాడి బొమ్మ వేసే పోస్టర్లు ఈ తేడాను పట్టించుకోవు.

పెద్ద వంటశాలల దగ్గర నేర్చుకోగలిగింది

తిరుమలలో నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి.రామారావు చేతుల మీదుగా రోజుకు రెండు వేల మందితో మొదలైంది. 2011 జులైలో నాటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ ప్రారంభించిన మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో ఒకేసారి నాలుగు వేల మంది కూర్చోవచ్చు. ఇంత పెద్ద వంటలో పెళ్లింటికి లేని సౌకర్యాలు కొన్ని ఉన్నాయి. వంటకాలు తక్కువ, రోజూ దాదాపు అవే. బంతి వెనక బంతి నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఒక బంతికి మిగిలిన గిన్నె తర్వాతి బంతికి వెళ్తుంది. కొండ మీద ఆ పూట ఎంతమంది ఉన్నారో, ఎన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయో ముందే తెలుస్తుంది. పరువు భయం లేదు, అంకె చేతిలో ఉంది. అక్కడ వృథాయే ఉండదని ఎవరూ అనరు. వండేవాడికి అంకె ముందు తెలియడం ఎంత మేలో చెప్పడానికి మాత్రం ఇంతకంటే పెద్ద ఉదాహరణ మన జిల్లాలో లేదు.

బడి భోజనం ఇంకోలాంటి పాఠం. ఏళ్ల తరబడి శ్రీకాకుళం నుంచి కుప్పం దాకా పిల్లలందరికీ ఒకే మెనూ. సీమలో సంగటి, చెనిక్కాయల ఊరిబిండి రుచికి అలవాటు పడ్డ నాలుక ఒకటి, కోస్తా పులుసు రుచి ఇంకొకటి. ఒక చోట లాగించేసింది ఇంకోచోట కుడితి తొట్టిలోకి పోయేది. బియ్యం లావు, అన్నం ముద్ద కడుతుందన్న ఫిర్యాదు ఎలాగూ ఉంది. 2025లో ప్రభుత్వం రాష్ట్రాన్ని జోన్లుగా విడదీసి ప్రాంతానికో మెనూ పెట్టింది, అదే ఏడాది జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తోంది. పిల్లలు ఎందుకు వదిలేస్తున్నారో చూసి వంట మార్చడం వెయ్యి ప్రతిజ్ఞల పెట్టు. తిరుపతిలో హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లకు తక్కువ లేదు. ఆదివారం రాత్రి ఎంతమంది పిల్లలు ఊళ్ల నుంచి తిరిగి రాలేదో కనుక్కోకుండా నిండు సంఖ్యకు వండే వార్డెన్లు, ఆ కుర్రాళ్లకు క్రమశిక్షణ లేదని తిట్టడం మామూలే.

ఇంటి వంటగది గురించి రాయాల్సింది తక్కువ, ఎందుకంటే ఇళ్లలో ఇప్పటికీ చాలామంది జాగ్రత్తగానే ఉన్నారు. రాత్రి అన్నం పొద్దున చద్దన్నమో, నిమ్మకాయ పులిహోరో అవుతుంది. పండిన టమాటా పచ్చడవుతుంది. కొత్తగా వచ్చిన సమస్య ఫ్రిజ్ వెనక అరలో, ఆన్‌లైన్ ఆఫర్లలో ఉంది. రెండు కొంటే ఒకటి ఉచితమన్న బ్రెడ్డు, పదిహేను రోజుల కిందటి మష్రూమ్ ప్యాకెట్. ఇంకొకటి తేదీల గందరగోళం. ప్యాకెట్ మీద ‘బెస్ట్ బిఫోర్’ అని ఉంటే ఆ తేదీ దాకా రుచి, కరకర బాగుంటాయని అర్థం, మర్నాడే అది విషం కాదు. ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ అని ఉంటే ఆ తేదీ దాటాక తినకూడదు. బిస్కట్ ప్యాకెట్‌ను, పాల ప్యాకెట్‌ను ఒకే భయంతో పారేస్తే డబ్బు దండగ.

తడి చెత్త సంగతి. తిరుపతి నగరపాలక సంస్థ తూకివాకం దగ్గర తడి చెత్త నుంచి గ్యాస్ తీసే ఏర్పాటు చేసుకుంది. డంపింగ్ యార్డులో గాలాడక కుళ్లే తిండి మీథేన్‌ను వదులుతుంది, నూరేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. కాబట్టి ఆ ప్లాంటు మంచిదే. ‘గ్యాస్ అవుతుంది కదా, పారేస్తే ఏం’ అనే ధీమా మాత్రం దానితో రాకూడదు. కిలో బియ్యం పండడానికి ప్రపంచ సగటున రెండున్నర వేల లీటర్ల నీళ్లు కావాలి, ప్లాంటులోంచి ఆ నీళ్లు తిరిగి రావు.

మండీ దగ్గర

2025 జూన్, జులై నెలల్లో బంగారుపాళ్యం, దామలచెరువు, గుడిపాల వైపు వెళ్లినవాళ్లకు గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి లోడుతో నిలిచిన ట్రాక్టర్ల బారులు గుర్తుండే ఉంటాయి. పాత గుజ్జు నిల్వలు ఫ్యాక్టరీల్లో అమ్ముడుపోకుండా ఉన్నాయి, కాపు విపరీతంగా వచ్చింది. కిలో 12 రూపాయలు రావాలని ప్రభుత్వం నిర్ణయించింది: ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఫ్యాక్టరీలు ఆ 8 కూడా ఇవ్వడం లేదని రైతులు గోల పెట్టారు. పొరుగు రాష్ట్రాల కాయ రాకుండా జిల్లా సరిహద్దులో ఆపితే కర్ణాటక ముఖ్యమంత్రి లేఖ రాసేదాకా వెళ్లింది. ఇదంతా సాగుతుండగా ఎండలో ట్రాక్టరు మీద కాయ మెత్తబడింది, చివరికి కొంత రోడ్డు పక్కనే పడింది. ఆ రైతుకు ‘ఆహారం వృథా చేయకండి’ అని ఎవరైనా చెప్పగలరా?

తోతాపురిది ప్రత్యేకమైన చిక్కు. తినడానికి కొనేవాళ్లు తక్కువ, గుజ్జు కోసమే తోటలు వేశారు. కాబట్టి కొనేది పదుల సంఖ్యలో ఉన్న ఫ్యాక్టరీలే. వాటి గోదాముల్లో ఎంత గుజ్జు మిగిలి ఉందన్నది మార్చికల్లా తెలిసే విషయం. మామిడి పూత ఎంత పట్టిందో ఫిబ్రవరికల్లా తెలుస్తుంది. రెండూ కలిపి చూస్తే జూన్ ఎలా ఉండబోతోందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఆ రెండు అంకెలు ఒక కాగితం మీదికి వచ్చి రైతు చేతికి అందితే కొందరు ముందే తాండ్ర, పచ్చికాయ ఒరుగుల వైపు, ఇతర రాష్ట్రాల వ్యాపారుల వైపు దారి చూసుకునేవాళ్లు. అందరూ బయటపడేవాళ్లని అనలేం. ట్రాక్టర్ల బారు మాత్రం కొంత చిన్నదయ్యేది.

టమాటా ఇంకా తొందరపాటు పంట. మదనపల్లె మార్కెట్‌కు పేరు దేశమంతా ఉంది. గుర్రంకొండ, కలికిరి, అంగళ్లు, ములకలచెరువు, పుంగనూరు, పలమనేరు, వి.కోట మండీల్లోనూ పొద్దున్నే వేలం జరుగుతుంది. అన్నదానానికి పేరుపడ్డ వెంగమాంబ పుట్టిన తరిగొండ ఈ టమాటా తోటల మధ్యలోనే ఉంది, ధర పడిన ఏడాది ఆ చుట్టుపక్కలే కాయలు గుట్టలుగా కుళ్లుతాయి.

ఒక బాక్సు టమాటా ఎక్కడెక్కడ పాడవుతుందో చూడండి. దోరకాయ మీద కోస్తే దూరప్రయాణం తట్టుకుంటుంది, పండు మీద కోస్తే రెండు రోజుల్లో మెత్తబడుతుంది. కూలీలు దొరకని వారం కోత రెండు రోజులు వెనకబడితే దోరకాయ కాస్తా పండవుతుంది. తొడిమతో కోస్తే ఆ తొడిమ కొస పక్కకాయను గుచ్చుతుంది, చిన్న గాటు చాలు కుళ్లు మొదలవడానికి. వాన తడి ఆరకుండా కోస్తే పగుళ్లు. బాక్సును అంచు దాటి గోపురంలా నింపితే, మీద ఇంకో బాక్సు పెట్టగానే పై వరస నలుగుతుంది. మండీకి వచ్చాక మచ్చకాయ, పగులుకాయ, గోలీ సైజు కాయ పక్కకు పోతాయి. వేలం పాటలో కొన్న వ్యాపారి మళ్లీ ఏరతాడు. మధ్యాహ్నానికి షెడ్డు వెనక ఆ ఏరివేత కుప్పలో ఆవులు తిరుగుతుంటాయి. ఇవన్నీ కాస్త మెలకువతో తగ్గించగలిగిన నష్టాలు. ఇటుకల మధ్య తడి ఇసుక నింపి కట్టే కరెంటు అక్కర్లేని చల్లని గది, నీడలో గ్రేడింగ్, బాక్సు నింపే మట్టం లాంటివి రైతు సేవా కేంద్రంలో చూపించి చెప్పాల్సినవి. కోల్డ్ స్టోరేజీ ఒక్కటే మంత్రమనుకుంటారు గానీ, దోరకాయను పది డిగ్రీల కంటే చల్లగా పెడితే అది సరిగా పండదు, రుచీ పోతుంది.

వీటన్నిటికంటే పెద్ద నష్టం మండీకి రాని కాయది. బాక్సు పాతిక కిలోలు, ధర కిలోకు మూడు రూపాయలు అనుకుందాం. చేతికొచ్చేది 75. కోత కూలి, బాక్సు అద్దె, ఆటో బాడుగ, కమీషన్ పోతే రైతే ఎదురు పెట్టుకోవాలి. అప్పుడు కోయకుండా తోటలోకి పశువులను తోలడమే తక్కువ నష్టం. వెయ్యి అడుగుల బోరు నీళ్లు, డ్రిప్పు, కట్టెలు, మందులు అన్నీ ఆ తోటలోనే పోతాయి. కోయని కాయ చాలావరకు నష్టాల లెక్కల్లోకి కూడా రాదు, ఎందుకంటే ఆ లెక్కలు మొదలయ్యేదే కోత దగ్గర.

ఫ్యాక్టరీ పెడితే సరిపోతుందనే మాట ప్రతి ఎన్నికల ముందూ వినిపిస్తుంది. కేంద్రం 2018-19 బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, బంగాళాదుంపల కోసం 500 కోట్లతో ఆపరేషన్ గ్రీన్స్ పథకం ప్రకటించింది. కానీ ఫ్యాక్టరీ లెక్క అంత తేలిక కాదు. కిలో చిక్కటి పేస్టుకు ఆరేడు కిలోల టమాటా కావాలి. ఫ్యాక్టరీకి గుజ్జు ఎక్కువ, ఎరుపు ఎక్కువ ఉన్న రకాలు కావాలి, అవి ఏడాది పొడుగునా ఒకే చౌక ధరకు దొరకాలి. మన రైతు పండించేది దూరం వెళ్లడానికి తోలు మందంగా ఉన్న కూర టమాటా. ధర వంద ఉన్నప్పుడు ఏ రైతూ ఫ్యాక్టరీ గేటు వైపు చూడడు, మూడు ఉన్నప్పుడు అందరూ చూస్తారు. ఆ పద్ధతిలో ఏ యంత్రం నడుస్తుంది?

అసలు ధర ఎందుకు పడుతుందో 2023 చూపించింది. ఆ జులైలో కిలో వంద దాటింది. టమాటా రైతు కోటీశ్వరుడయ్యాడని టీవీల్లో, యూట్యూబ్‌లో మోత. అది చూసి ఉన్నవాడూ లేనివాడూ నారు కొన్నారు. నాటిన రెండు, రెండున్నర నెలలకు కాపు ఒక్కసారి మీద పడింది, అటు మహారాష్ట్ర సరుకు కూడా వచ్చింది, ధర పాతాళానికి పోయింది. ఆ వార్తలు చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. ఇవాళ్టి ధర చెప్పారు, రైతుకు కావాల్సింది డెబ్బై రోజుల తర్వాతి ధర. దాన్ని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు గానీ, దానికి చాలా దగ్గరి గుర్తు ఒకటి కళ్లముందే ఉంది. ఇప్పుడు టమాటా నారు ఎవరూ మడిలో పోసుకోవడం లేదు, నర్సరీలో ట్రేల లెక్కన కొంటారు. ఈ వారం మదనపల్లె, పలమనేరు, వి.కోట, కోలార్ వైపు నర్సరీల నుంచి ఎన్ని లక్షల మొక్కలు వెళ్లాయో తెలిస్తే, రెండు నెలలు దాటాక మండీకి ఎన్ని బాక్సులు రాబోతున్నాయో ఉజ్జాయింపుగా తెలిసినట్టే.

నర్సరీ యజమానులు ఆ లెక్క ఊరికే బయటపెట్టరు, పోటీ ఉంది, ‘ఎక్కువైంది’ అన్న మాట పుడితే వాళ్ల ట్రేలే మిగిలిపోతాయి. ఉద్యాన శాఖ అడిగి, పేర్లు లేకుండా మొత్తాన్ని మాత్రమే వారానికోసారి రైతుల ఫోన్లకు పంపితే ఆ భయం కొంత తగ్గుతుంది. ఏ రైతు ఏ పంట వేశాడో ప్రభుత్వం రాసుకునే ఈ-పంట నమోదు ఎలాగూ ఉంది, కానీ అది నాటిన తర్వాతి లెక్క, అప్పటికి విత్తనం ఖర్చు, దుక్కి ఖర్చు, ట్రేల ఖర్చు అయిపోయి ఉంటాయి. నారు ట్రేలో ఉండే మూడు నాలుగు వారాల్లోనే అంకె బయటికొస్తే, రెండెకరాలు వేద్దామనుకున్నవాడు ఒక ఎకరా బీన్సో, బంతిపూలో, ఇంకేదైనానో వేసుకోవడానికి ఇంకా వ్యవధి ఉంటుంది.